రెండు పేజీల రిపోర్టు

మధ్యాహ్నం ఒంటిగంటా నలభై ఐదుకు సూపరింటెండెంటు బీరువా తీశాడు.

ఫైలు ఉంది. పెట్టిన అరలోనే ఉంది. టేపు కట్టి ఉంది.

ముడి విప్పాడు. అట్ట తీశాడు.

లోపల రెండు తెల్ల కాగితాలు. సంతకం లేదు. సీలు లేదు. అక్షరం ముక్క లేదు.

ఆయన కుర్చీలో కూలబడి ఫోను అందుకున్నాడు.

కాగితాల కేసంటే స్టేషన్లో ఎవరూ లేవరు. ఎస్.ఐ. చుట్టూ చూసి హెడ్డును పంపాడు. హెడ్డంటే హెడ్ కానిస్టేబులు. రిటైర్మెంటుకు ఇంకా ఎనిమిది నెలలుంది. ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఎప్పుడో పోయారు.

రెండూ పదికి ఆయన కాలేజీ ఆఫీసు గది గుమ్మంలో నిలబడ్డాడు. ముందు గది చూశాడు. బీరువా ఒకటి. సూపరింటెండెంటు బల్ల. కిటికీ పక్కన టైపిస్టు కంప్యూటరు, ప్రింటరు, దాని కింద తెల్ల కాగితాల కట్టలు. మూలన చెత్తబుట్ట. తలుపుకు తాళం ఉంది గాని, పగలు ఎవరూ వేయరు.

"ఏం పోయింది?"

"రిపోర్టండీ. రెండు పేజీలు."

"రెండు పేజీలకు పోలీసులా?"

"ప్రిన్సిపాల్ గారి ఒరిజినల్ సంతకం ఉన్నది అదొక్కటే. నాలుగింటికి మేడ మీద మీటింగ్ హాల్లో కాలేజీ కమిటీ కూర్చుంటుంది. ఆ రిపోర్టు చూసే సాయంత్రం సెక్షన్ సంగతి తేలుస్తారు."

"కంప్యూటర్లో ఉంటుందిగా. మళ్లీ కొట్టించండి."

"సంతకం ఎవరు పెడతారు? సార్‌కు ఈ రోజే గుండె ఆపరేషన్. పదకొండింటికి ఇక్కడే సంతకం పెట్టి కారెక్కారు. ఈపాటికి బల్ల మీద ఉంటారు."

హెడ్డు నోట్‌బుక్ తీశాడు. నెమ్మదిగా రాసుకున్నాడు. ఆయన రాత ఎప్పుడూ నెమ్మదే.

సాయంత్రం సెక్షన్ అంటే ఆరు నుంచి తొమ్మిది దాకా నడిచే డిగ్రీ. పగలు పని చేసుకునేవాళ్లు చదువుకుంటారు. డ్రైవర్లు, కుట్టుపనివాళ్లు, కొట్లో నిలబడేవాళ్లు. నూట పన్నెండు మంది. చేరినవాళ్లు చేరినట్టే ఉంటున్నారు, డిగ్రీతో బయటపడేది ఎంతమంది అని కమిటీ అడిగింది. జవాబు రెండు పేజీలు దాటకూడదంది.

"రిపోర్టు బాగుంటే?"

"సెక్షన్ ఐదేళ్లు ఖాయం."

"అసలు రిపోర్టే లేకపోతే?"

"వచ్చే ఏడాదికి వాయిదా."

"బాగాలేకపోతే?"

సూపరింటెండెంటు చెయ్యి ఊపాడు. "బాగా లేకపోవడమేంటండీ. లెక్చరర్ మేడమ్ నెల్రోజులు కూర్చుని రాసింది."

"బీరువాలో ఎప్పుడు పెట్టారు?"

"పదకొండూ ఇరవైకి. నా చేత్తో నేనే పెట్టాను. తాళం నా సొరుగులో పడేశాను."

"సొరుగుకు తాళం?"

"పాడై మూడేళ్లయింది."

"గదిలో ఎవరూ లేని టైము?"

"ఒంటిగంట నుంచి ఒకటీ నలభై. భోజనాలకెళ్లాం. టైపిస్టు కూడా నాతోనే ఉన్నాడు. ఇక్కడున్నది డిగ్రీ అక్క ఒక్కతే."

"డిగ్రీ అక్కా?"

"ఆయా అండీ. ఊడుస్తుంది, నోటీసులు అంటిస్తుంది, ఆరింటికి చీపురు పక్కనబెట్టి ఇదే కాలేజీలో బెంచీ ఎక్కుతుంది. ఐదేళ్లుగా చదువుతోంది. ఇంకా ఒక్క ఏడాది ఉంది."

*

డిగ్రీ అక్కకు నలభై దాటాయి. కొంగు నడుముకు బిగించి వచ్చింది. భయపడినట్టు లేదు.

"ఒంటిగంటకు ఏం చేస్తున్నావమ్మా?"

"ఊడుస్తున్నా. ఇంకేం చేస్తాను, డాన్సా?"

"బీరువా ముట్టుకున్నావా?"

"తుడిచా. వారానికోసారి తుడుస్తా. దుమ్ముంటే సూపరింటెండెంటు గారికి తుమ్ములు. ఆయనొకసారి మొదలెడితే పదకొండు తుమ్ముతారు హెడ్డు గారూ, లెక్కపెట్టా."

"ఆ రిపోర్టులో నీ గురించి ఉందటగా."

"నా ఒక్కదాని గురించా? మేడమ్ నూట పన్నెండు మందినీ కూర్చోబెట్టి అడిగారు. ఏ పూట పని, ఎన్నేళ్లయింది, ఎందుకాగింది, అన్నీ."

వెనక నుంచి సూపరింటెండెంటు అందుకున్నాడు. "ఫెయిలైన లెక్కలన్నీ బయటపడతాయని సిగ్గుపడి తీసిందేమో అడగండి."

డిగ్రీ అక్క నవ్వింది. "సిగ్గా? నేను ఎకనామిక్స్ నాలుగుసార్లు తప్పానని క్యాంటీన్ పిల్లికి కూడా తెలుసు సార్. ఇంకెవరి దగ్గర దాస్తాను?"

హెడ్డుకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు.

"గదిలోకి ఇంకెవరొచ్చారు?"

"ఒకటీ పదికి ల్యాబ్ సార్. లోపలికి తొంగిచూసి, గదిని అడుగులతో కొలిచి వెళ్లారు. ఆయన ఏ గది చూసినా అంతే. పడుకున్న మనిషిని చూసినా ఎన్ని బల్లలు పడతాయో చూస్తారు."

"ఇంకేమైనా వింతగా అనిపించిందా?"

"ఏముంది. ఇవాళ నా నోట్సుకు కాగితాల్లేవు. టైపిస్టన్న పారేసిన చిత్తు కాపీల వెనకాలే నేను నోట్సు రాసుకుంటా. రోజూ బుట్ట నిండా ఉంటాయి. ఇవాళ ఖాళీ. నా రాతే అంత."

హెడ్డు ఆ మాట రాసుకోలేదు.

*

రెండూ నలభైకి ల్యాబ్ సార్‌ను కలిశాడు. ఆయన వైస్ ప్రిన్సిపాలు. ప్రిన్సిపాలు కారెక్కినప్పటి నుంచి ఇన్‌ఛార్జి. సాయంత్రం సెక్షన్ గదులు నాలుగూ తన ల్యాబులకు కావాలని మూడేళ్లుగా అడుగుతున్నాడు.

"రిపోర్టు పోతే లాభం మీకే కదండీ?"

"ఏం లాభం? ఏడాది వాయిదా. నాకు గదులు ఇప్పుడు కావాలి. నా పిల్లలు వరండాలో యాసిడ్ సీసాలు పట్టుకు నిలబడుతున్నారు. మీరొచ్చి చూడండి."

"ఒకటీ పదికి ఆఫీసు గదిలో ఏం పని?"

"సూపరింటెండెంటు కోసం వెళ్లాను. లేడు. వచ్చేశాను. ఆ ఆయా ఉంది. ఆమె సంచి వెతికారా?"

వెతకలేదు. వెతకాల్సి వచ్చింది.

మూడింటికి వరండాలో సంచి విప్పారు. టిఫిన్ డబ్బా, ఎకనామిక్స్ పుస్తకం, దారంతో కుట్టిన చిత్తు కాగితాల నోట్సు. అన్నీ కాలేజీ పేరున్న ఆఫీసు కాగితాలే. చుట్టూ పదిమంది పోగయ్యారు.

"చూశారా!" అన్నాడు సూపరింటెండెంటు. "మా కాగితమే!"

"చెత్తబుట్టలోది సార్! మీరే పారేసింది!" ఈసారి డిగ్రీ అక్క నవ్వలేదు.

ఇన్‌ఛార్జి వాచీ చూసుకున్నాడు. "హెడ్డు గారూ, గదిలో ఒంటరిగా ఉన్నది ఆమె. సొరుగు తెలిసింది ఆమెకు. ఆఫీసు కాగితాలు ఆమె సంచిలో ఉన్నాయి. ఇంకేం కావాలి? స్టేషన్‌కు తీసుకెళ్లి అడగండి, చెబుతుంది. కాంట్రాక్టు మనిషి. ఈ రోజే తీసేస్తాం."

హెడ్డు పుస్తకాన్ని తిరిగి సంచిలో పెట్టాడు. ముప్పై ఏళ్ల సర్వీసులో చూశాడు. ఏ ఆఫీసులో ఏది పోయినా ముందు చీపురు పట్టుకున్న చేతినే చూస్తారు.

అప్పుడే రిపోర్టు రాసిన లెక్చరర్ మేడమ్ పరుగున వచ్చింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఆమె తీయడమేంటండీ! ఆ రిపోర్టు వెళ్లాలని ఆమెకున్నంత ఆశ ఇంకెవరికుంది?"

"మీరు రాసింది రెండు పేజీలేనా?"

"మొదట పదకొండు రాశాను. సూపరింటెండెంటు గారు షార్ట్ రిపోర్టన్నారు. ఐదు చేశాను. ఇంకా తగ్గించమన్నారు. ఇవాళ పొద్దున ప్రింటు తీస్తే రెండు పేజీలు నిండి మూడో పేజీకి మూడు లైన్లు జారాయి. ఎలాగోలా సర్దండని టైపిస్టుకు చెప్పి క్లాసుకెళ్లాను. అక్షరం సైజు తగ్గిస్తే సరిపోతుంది."

"సర్దాడా?"

"సర్దాడు. సార్ సంతకం పెట్టి బయటికెళ్లాక, పదకొండుకు రెండు నిమిషాలుందనగా వచ్చి అడిగాను, చివరి మూడు లైన్లు ఉన్నాయిగా అని. ఉన్నాయి మేడమ్ అన్నాడు."

హెడ్డు నోట్‌బుక్ మూశాడు. టైము మూడూ ఇరవై.

"మేడమ్, ఆ మూడు లైన్లలో ఏముంది?"

మేడమ్ చెప్పింది. హెడ్డు విన్నాడు. మళ్లీ చెప్పమన్నాడు. మళ్లీ విన్నాడు.

తర్వాత డిగ్రీ అక్క వైపు తిరిగాడు.

"అమ్మా, బుట్ట ఖాళీగా ఉందన్నావు. బొత్తిగా ఏమీ లేదా?"

"పెన్సిలు పొట్టు ఉంది. కాగితం మాత్రం ఒక్కటి లేదు."

"పద. అందరూ ఆఫీసు గదిలోకి పదండి."

*

గదిలో ఐదుగురు. సూపరింటెండెంటు, మేడమ్, డిగ్రీ అక్క, కిటికీ దగ్గర టైపిస్టు, హెడ్డు. ఇన్‌ఛార్జి కమిటీ వాళ్లను ఆహ్వానించడానికి గేటు దగ్గరికి వెళ్లాడు.

టైపిస్టు బక్కపల్చటి మనిషి. ఇరవై రెండేళ్ల సర్వీసు. పొద్దుటి నుంచి ఆయన నోట ఎవరూ మాట వినలేదు. వినకపోవడం అలవాటే గనక ఎవరూ గమనించలేదు.

"సూపరింటెండెంటు గారూ, పదకొండూ ఇరవైకి ఫైలు మీ చేతికి ఎవరిచ్చారు?"

"టైపిస్టు."

"టేపు కట్టి ఇచ్చాడా, విప్పి ఇచ్చాడా?"

"కట్టే ఇచ్చాడు."

"ముడి విప్పి లోపల చూశారా?"

"చూసే పనేముంది? ఇరవై రెండేళ్లుగా అతనిస్తాడు, నేను పెడతాను."

"అంటే ఆ రెండు పేజీలు బీరువాలోకి వెళ్లడం మీరు చూడలేదు. మీరు చూసింది అట్ట, టేపు, ముడి."

సూపరింటెండెంటు బీరువా వైపు చూశాడు.

"భోజనాల టైములో ఎవరెక్కడున్నారని గంట పైన తిరిగాను. నా బుద్ధి గడ్డి తింది. ఆ టైములో పోవడానికి బీరువాలో ఏమీ లేదు." హెడ్డు చెత్తబుట్ట తెచ్చి బల్ల మీద పెట్టాడు. "పొద్దున మూడు పేజీలు ప్రింటు తీశారు. మళ్లీ రెండుకు సర్ది తీశారు. పనికిరాని కాగితాలు ఈ బుట్టలో ఉండాలి. రోజూ ఉంటాయట. ఇవాళే లేవు. ఈ మాట ఈవిడ నాకు రెండున్నరకే చెప్పింది. నేను రాసుకోలేదు."

టైపిస్టు వైపు చూశాడు.

"చిత్తు కాగితాన్ని ఎవరూ దాచుకోరు టైపిస్టు గారూ. అందులో మీకు పనికొచ్చేది ఏదైనా ఉంటే తప్ప. మూడో పేజీ ఏది?"



టైపిస్టు చొక్కా జేబులోంచి మడత కాగితం తీశాడు. నలిగి ఉంది. ఒకసారి ఉండచేసి మళ్లీ అరచేత్తో సాపుచేసినట్టుంది. పేజీ అంతా ఖాళీ. పైన మూడు లైన్లు మాత్రం ఉన్నాయి.

మేడమ్ చదివింది. పగలు పని చేసేవారు కావడం వల్ల వీరికి మూడేళ్ల చదువు ఆరేళ్లు పడుతున్నది. మూడేళ్లకు లెక్కిస్తే పూర్తిచేసినవారు వందకు తొమ్మిది మంది. ఆరేళ్లకు లెక్కిస్తే డెబ్బై ఒక్కరు.

"రెండో పేజీలో తొమ్మిది అని ముందే ఉంది," అంది మేడమ్. ఆమె మొహం పాలిపోయింది. "కమిటీ ఇచ్చిన ఫారంలో మూడేళ్ల గడి ఒక్కటే ఉంది. అందుకే చివర ఇది పెట్టాను. అన్నా, ఇది తీసేశావా?"

"మూడు లైన్లు జారాయి మేడమ్," అన్నాడు టైపిస్టు. "రెండు పేజీలు దాటకూడదన్నారు. అక్షరం ఇంకా తగ్గిస్తే సార్ చదవలేరు, కళ్లజోడు కూడా ఆస్పత్రి సంచిలో పెట్టేశారు. కోసేశాను. నేను అక్షరం చూస్తాను గాని అర్థం చూడను. అలా చూస్తూ కూర్చుంటే పని సాగదు. మీరొచ్చి అడిగినప్పుడు తెలిసింది."

"అప్పటికి సార్ కారు?" హెడ్డు అడిగాడు.

"పోర్టికోలోనే ఉంది. నాలుగు నిమిషాలు ఉంది."

"మరి చెప్పలేదేం?"

టైపిస్టు తల వంచుకున్నాడు. "ఇరవై రెండేళ్లలో నా కాగితంలో తప్పు పట్టినవాళ్లు లేరండీ. నోరు పెగల్లేదు. ఇప్పుడు చెబుతా, ఇప్పుడు చెబుతా అనుకుంటుండగానే కారు కదిలింది. పదకొండూ పదిహేనుకు ఫోను చేశాను. డ్రైవరు ఎత్తాడు. లోపలికి తీసుకెళ్లారన్నాడు."

"అందుకని తెల్ల కాగితాలు పెట్టి ఇచ్చారు."

"ఆ రిపోర్టు పైకి వెళితే తొమ్మిది అని చదువుతారు, మూసేస్తారు. లేకపోతే ఏడాది వాయిదా. ఈవిడ డిగ్రీ అయిపోతుంది. వచ్చే ఏడాది సరిగ్గా కొడదామనుకున్నాను. నింద ఈవిడ మీద పడుతుందనుకోలేదు." కళ్లు తుడుచుకున్నాడు. "స్టేషన్ అనగానే లేద్దామనుకున్నా. కాళ్లు రాలేదు."

డిగ్రీ అక్క ఆయన్నే చూస్తోంది.

"నాతో చెప్పి ఉంటే అన్నా," అంది మెల్లగా, "చీపురుతో పరిగెత్తి కారుకు అడ్డం పడేదాన్ని కదా. నాకేం సిగ్గు?"



టైపిస్టు లేచాడు. ప్రింటరు కింద ఉన్న తెల్ల కాగితాల కట్ట తీశాడు. బొటనవేలితో అంచులు తిరగేసి, మధ్యలోంచి రెండు కాగితాలు లాగాడు. నీలం సంతకం, గుండ్రటి సీలు. హెడ్డు చేతిలో పెట్టాడు.

మూడూ ముప్పై ఐదు.

హెడ్డు వాటిని పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఏళ్లలో పోయిన సొత్తు దొరికినందుకు ఇంత దిగులు ఎప్పుడూ పడలేదు.

డిగ్రీ అక్క దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. "హెడ్డు గారూ, దొరకలేదని రాయండి. నా పేరే రాసుకోండి. ఏడాది కలిసొస్తుంది. నూట పన్నెండు మందిమి ఉన్నాం."

"కేసున్న మనిషికి హాల్ టికెట్ ఇవ్వరమ్మా."

"నాకు ఇవ్వకపోతే పోనీ."

"తీసేస్తారు నిన్ను. జైలు కూడా రావచ్చు."

"అదీ చూద్దాం. ఊడవడం అక్కడా ఉంటుందిగా."

హెడ్డు కాగితాల వంక చూశాడు. ఆమె వంక చూశాడు. ఏదో అనబోయాడు.

తలుపు చప్పుడైంది. తిరిగి చూస్తే సూపరింటెండెంటు గదిలో లేడు. వరండాలోంచి ఆయన గొంతు వినిపించింది. "సార్! ఇన్‌ఛార్జి సార్! దొరికిందండీ! దొరికింది!"

*

మేడమ్ వదల్లేదు. మూడో పేజీ పట్టుకుని మెట్లెక్కింది. హెడ్డు వెనకే వెళ్లాడు.

మీటింగ్ హాలు బయట ఇన్‌ఛార్జి ఆమెను ఆపాడు. విన్నాడు. మూడు లైన్లూ చదివాడు. 

"మేడమ్, నాకు గదులు కావాలి, నిజమే. కానీ ఇలా కాదు." కాగితం తిరిగిచ్చాడు. "ఆయన సంతకం పెట్టిన దాని వెనక నేనొక పేజీ కలిపితే రేపు నన్నే నిలబెడతారు. ప్రిన్సిపాల్ మత్తులో ఉండగా మార్చాడంటారు. నావల్ల కాదు."

"నోటితో చెప్పనివ్వండి."

ఇన్‌ఛార్జి లోపలికెళ్లి అడిగాడు. కమిటీ సెక్రటరీ గుమ్మం దాకా వచ్చాడు. మర్యాదస్తుడు. నోటి మాట మినిట్సులోకి రాదన్నాడు. రిపోర్టు రెండు పేజీలే ఉండాలన్నది రూలన్నాడు.

హెడ్డు ముందుకొచ్చాడు. "సార్, ఈ కాగితం కేసులో సాక్ష్యం. నా స్టేట్‌మెంటుకు జతచేసి మీకిస్తాను. పోలీసు కాగితం గనక తీసుకోవాలి."

"తీసుకుంటామండీ. దొంగతనం ఫైల్లో పెడతాం. ఈ ఫైలు వేరు."

తలుపు మూసుకుంది. నాలుగూ రెండు.

మేడమ్ మెట్ల మీద కూర్చుంది. హెడ్డు నిలబడే ఉన్నాడు. దొంగను పట్టగలడు. తాళం ఎలా తెరిచారో చెప్పగలడు. ఆ తలుపు మాత్రం ఆయన చేతిలో లేదు.

నాలుగూ ముప్పై ఎనిమిదికి తలుపు తెరుచుకుంది. ఇన్‌ఛార్జి బయటికొచ్చాడు. మేడమ్ కళ్లలోకి చూడలేదు.

"వందకు తొమ్మిది అన్నారు," అన్నాడు. "అంతకంటే ఏమీ అడగలేదు. నెలాఖరుకు మూసేయమన్నారు."

కింద ఆఫీసు గదిలో టైపిస్టు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. హెడ్డు భుజం తట్టాడు.

"పదండి. ఎస్.ఐ. గారితో నేను మాట్లాడతాను. జరిగింది జరిగినట్టు రాద్దాం."

టైపిస్టు లేచాడు.

అంతలో సూపరింటెండెంటు పైనుంచి వచ్చాడు. చేతిలో చిన్న కాగితం. నీళ్లు నమిలాడు.

"హెడ్డు గారూ, ఆయన్ను ఒక్క పది నిమిషాలు ఉంచండి. ఆర్డరు ఈ రోజే నోటీసు బోర్డులో పెట్టాలట. కాలేజీలో టైపు చేసేవాడు ఇతనొక్కడే."

హెడ్డు టైపిస్టు వంక చూశాడు.

టైపిస్టు మళ్లీ కూర్చున్నాడు. కాగితం తీసుకుని ఈసారి మొదటినుంచి చివరిదాకా చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత కొట్టాడు. ఆరు లైన్లే. సగం పేజీ కూడా నిండలేదు.

ప్రింటరు రెండు కాపీలు ఇచ్చింది. ఒకటి సంతకమై కిందికి వచ్చింది.

సూపరింటెండెంటు దాన్ని పట్టుకుని అటూ ఇటూ చూశాడు. ఎవరికివ్వాలో ఆయనకు తెలుసు. ఇవ్వడానికి చెయ్యి రావడం లేదు.

డిగ్రీ అక్కే అందుకుంది. బల్ల మీది డబ్బాలోంచి నాలుగు పిన్నులు ఏరుకుంది. వరండాలోకెళ్లి, బోర్డు మీద పాత నోటీసు తీసేసి, దీన్ని నాలుగు మూలలా గుచ్చింది.

ఆ కాలేజీలో ఆ పని ఆమెదే.